చినిగిన చొక్కా గురించి మేనల్లుడికి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన చీమకుర్తి క్వారీ కార్మికుడి త్రీడీ మోడల్‌ను అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను. ముఖమూ చేతులూ చక్కగా కుదిరాయి. చొక్కా మాత్రం పనిలో చినిగినట్టు లేదు; ఎవరో తీరికగా కత్తెరతో కోసి తొడిగించినట్టు ఉంది. త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో నీ చేయి ఎటూ తిరిగింది కనుక సాధనాల గురించి తక్కువగా, గుడ్డ గురించి ఎక్కువగా రాస్తాను.

ఏ చిరుగునైనా మొదలుపెట్టే ముందు అది ఏ గుడ్డ, దానిని ఏది చింపింది, ఎంత కాలమైంది అన్న మూడు సంగతులూ తేల్చుకోవాలి. నేసిన గుడ్డలో పడుగు నిలువుగానూ పేక అడ్డంగానూ ఉంటాయి కనుక చిరుగు చాలావరకు ఆ రెండు దారుల వెంటే నడుస్తుంది. చిల్లకంప ముల్లుకో తలుపు మేకుకో చొక్కా తగులుకున్నప్పుడు మనిషి ఆగకుండా ముందుకు కదిలితే, గుడ్డ కొంతదూరం ఒక దిక్కున చినిగి, అక్కడ 90 డిగ్రీలు మలుపు తిరిగి, మూల ముక్క ఒకటి కిందికి వేలాడుతుంది. నీవు ఛాతీ మీద పెట్టిన గుండ్రటి రంధ్రం నేత గుడ్డలో రావాలంటే అది కాలాలి, లేదా ఎలుక కొట్టాలి. కాలిందే అనుకున్నా, నూలు గుడ్డ అంచు నల్లబడి బూడిదై రాలుతుంది, పాలియెస్టరు అంచు కరిగి గట్టి పూసలు కడుతుంది. బనియను సంగతి మళ్లీ వేరు. అది అల్లిక గుడ్డ కనుక ఒక కన్ను తెగితే ఆ నిలువు వరుసలోని కన్నులు జారిపోతాయి, చినిగిన అంచు చుట్టుకుపోతుంది.

ప్యాంటు మోకాళ్ల దగ్గర నీవు తెల్ల దారాలను నిలువుగా గీశావు. జీన్స్‌లో నీలిరంగు వేసేది పడుగుకు మాత్రమే. పేక తెల్లగానే ఉంటుంది. గుడ్డ ముఖం మీద ఎక్కువగా తేలి ఉండేది పడుగు కనుక రాపిడికి ముందుగా అదే అరిగి తెగుతుంది, తెల్లని పేక పోగులు రంధ్రానికి అడ్డంగా మిగిలి సాగిపోతాయి. ఈసారి నెల్లూరు వచ్చినప్పుడు కోవూరు దగ్గరి పాటూరుకు వెళ్లి, మగ్గం మీద ఉన్న గుడ్డను కాసేపు నిలబడి చూడు. ఏ పోగు దేని మీదుగా పోతుందో కంటికి తెలిశాక ఈ పొరపాటు మళ్లీ జరగదు.

చినిగిన చోటు, పిగిలిన చోటు, కుట్టు విడిపోయిన చోటు ఒకదానిలా ఒకటి ఉండవు. చెమటకూ ఉతుకులకూ భుజాల మీద, వీపు మీద పిగిలే గుడ్డలో రంధ్రం కంటే ముందు పోగుల మధ్య ఎడం పెరుగుతుంది, రంగు వెలుస్తుంది, లోపలి చర్మం మసకగా కనిపిస్తుంది. చంక కింద కుట్టు విడిపోతే గుడ్డకు ఏమీ కాదు. రెండు మడత అంచులూ శుభ్రంగానే ఉండి, మధ్య తిన్నని సందు, దాని పక్కన సూది రంధ్రాల వరుస కనిపిస్తాయి. నీ కార్మికుడికి ఈ సందు ఒక్కటి పెట్టినా, ఛాతీ మీది మూడు చిరుగుల కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక మెష్‌లో, అంటే బొమ్మ ఆకారాన్ని కట్టే వలలో, ఏది కోయాలి, మ్యాపులో, అంటే దాని మీద పరిచే చిత్రంలో, ఏది గీయాలి అన్న ప్రశ్న. బొమ్మ బయటి రేఖను మార్చే చిరుగును, అంటే చొక్కా చేతి అంచునూ వేలాడే ముక్కనూ, మెష్‌లోనే కోయి. నైఫ్ అనే కోత సాధనంతో పోగు దారి వెంట కోసి, అంచు చుట్టూ ఒక ఎడ్జ్ లూప్ (మెష్ గీతల వరుస) ఇచ్చి, ఆ తరువాతే గుడ్డకు మందం ఇచ్చే సాలిడిఫై వేయి. చొక్కా గుడ్డ మందం 0.5 మిల్లీమీటరు కూడా ఉండదు. నీవు ఇచ్చిన మందానికి అది కంబళిలా ఉంది. చిన్న రంధ్రాలకు, ఎక్కడ గుడ్డ కనిపించాలో ఎక్కడ కనిపించకూడదో చెప్పే ఒపాసిటీ మ్యాపు చాలు. గేమ్ ఇంజిన్‌లోకి (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి) వెళ్లే మోడల్ కనుక మెటీరియల్‌ను ట్రాన్స్‌లూసెంట్‌గా (పాక్షికంగా పారదర్శకంగా) కాక మాస్క్‌డ్‌గా (ఉంటే పూర్తిగా, లేకపోతే అసలు లేకుండా) పెట్టు, లేకపోతే ముందు వెనుకల వరుస తప్పి, వెనుక ఉండవలసిన వీపు గుడ్డ ముందుకు వచ్చి కనిపిస్తుంది. గుడ్డ లోపలి వైపు కూడా కనిపించేలా టూ సైడెడ్ కూడా పెట్టాలి. సన్నని దారాలు దూరానికి మిప్‌మ్యాపుల్లో (దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న చిత్రాల్లో) మాయమవుతాయి కనుక అసలు కంటే కొంచెం లావుగా గీయి. బట్టల కింది శరీరాన్ని తీసేసే అలవాటు మనందరికీ ఉంది. చిరుగుల కింద మాత్రం అది ఉండి తీరాలి.

రంగులు వేసే సాఫ్ట్‌వేర్ సబ్‌స్టాన్స్ పెయింటర్‌లో అరుగుదలను తనంతట తానే వేసే స్మార్ట్ మాస్కును నమ్ముకున్నావని చూడగానే తెలిసింది, ప్రతి మడత శిఖరమూ తెల్లగా అరిగి ఉంది. ఇనుప పెట్టెకు ఆ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే దాని అంచు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. చొక్కా మడత మనిషి చేయి దించగానే మరో చోటికి పోతుంది. ఎప్పటికీ కదలని మడతలు కాలరు వంపు, కఫ్ అంచు, జేబు మూతి మాత్రమే. అరుగుదలను అక్కడ చేత్తో వేయి. దుమ్ము కూడా అంతే. చీమకుర్తి రాయి నల్లనిదే అయినా కోతలో లేచే పొడి బూడిదరంగులో ఉంటుంది. అది జేబు అడుగున, కుట్ల వెంట, లేచిన పోగుల్లో నిలుస్తుంది. వీపు మీద చెమట ఆరిన ఉప్పు గీతలు కూడా మరిచిపోకు.

పని చేసుకునే మనిషి చిరుగును వదిలేయడు. మోచేతి దగ్గర వేరే రంగు గుడ్డతో మాసిక వేసి, కుట్లను చేతికుట్టులా ఎగుడుదిగుడుగా, దారం రంగు కలవకుండా చూపించు; ఊడిన గుండీ చోట పిన్నీసు పెట్టు. పేదవాడంటే ఒళ్లంతా రంధ్రాలు వేసే అలవాటు ఈ రంగంలో చాలామందికి ఉంది, నాకు అది నచ్చదు.

వెయిట్లు (ఏ ఎముక కదిలితే ఏ భాగం ఎంత కదలాలో చెప్పే విలువలు) శరీరం నుంచి కాపీ చేశాక వేలాడే ముక్కకు వేరే ఎముక ఇవ్వు, లేదా పై అంచును మాత్రం పిన్ చేసి (కదలకుండా బిగించి) గుడ్డలా ఊగించే క్లాత్ సిమ్యులేషన్ పెట్టు; ఇప్పుడు అది చర్మానికి అంటుకుని తిరుగుతోంది. ఛాతీ మీది చిరుగుల్లో రెండింటిని తీసివేసి, మనిషి చేయి పైకెత్తే కదలికా కింద కూర్చునే కదలికా కలిపి కొత్త ఫైలు పంపు. చంక కింది సందు ఎంతవరకు తెరుచుకుంటుందో చూసి మిగతాది చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య