చలికాలంలో చబ్ తగలాలంటే

జనవరి చలిలో ఇంగ్లండ్‌లోని చెర్వెల్ నదిలో బెండు కట్టి చిన్న పురుగులు వేస్తే రోచ్ అనే బుల్లి చేపలు తప్ప, చబ్ అనే పెద్ద నది చేప తగలడం లేదా? ముందు ఎర మార్చండి. మామూలు తెల్ల బ్రెడ్డే చాలు. కొంత నానబెట్టి పిసికి, నీటి మీదికి వంగిన కొమ్మల కింద నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం వేస్తూ వెళ్లండి. తర్వాత మొదటి చోటికి తిరిగొచ్చి, బెండు తీసేసి, 6 లేదా 8 నంబరు కొక్కేనికి బ్రెడ్ ముక్క నొక్కి, చిన్న బరువుతో అడుగుకు దించండి. కర్ర కొస వణికితే ఆగండి, వంగితే లాగండి. చబ్‌కు బెదురెక్కువ, గట్టు మీద అడుగుల చప్పుడుకే జారుకుంటుంది. ఇరవై నిమిషాలైనా కదలిక లేకపోతే తర్వాతి చోటికి వెళ్లడమే. కూరకైతే ఆశపడకండి, అన్నీ ముళ్లే! మార్చి 15 నుంచి జూన్ 15 వరకు ఇంగ్లండ్ నదుల్లో చబ్ లాంటి చేపలకు గాలం వేయడం నిషేధం కాబట్టి ఈలోపే ప్రయత్నించండి.