మొదటి క్రూయిజ్: టికెట్ ధర ఒక్కటే చూసి బయలుదేరకండి

డాలస్ వచ్చి ఏడాదిన్నర అయిందనీ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ మూడేళ్ల పాపనూ తీసుకుని మొత్తం ఐదుగురం డిసెంబరు మొదటి వారంలో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఐదు రాత్రుల క్రూయిజ్‌కు, అంటే ఓడలో విహారయాత్రకు, వెళ్లాలనుకుంటున్నామనీ, మనిషికి 400 డాలర్లకే టికెట్ దొరుకుతోందనీ, ఇది కాక ఇంకేమైనా ఖర్చు ఉంటుందా అనీ మీరు అడిగారు. ఉంటుంది బాబూ. ఆ ‘ఇంకేమైనా’ దగ్గరే మేము 2006లో గట్టి దెబ్బ తిన్నాం కాబట్టి నా జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అప్పటికి మేము ఈ దేశం వచ్చి నాలుగేళ్లు. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు కలిసి బయలుదేరాం. రెండు గదులకు 2,300 డాలర్లు ముందే కట్టేశాం. తిండి, బస, ఆటపాటలు అన్నీ అందులోనే అని ప్రకటనలో ఉండటంతో ఇక జేబులో చెయ్యి పెట్టే పనే ఉండదని నమ్మాను. చివరి రోజు తెల్లవారుజామున మడిచిన కాగితం ఒకటి తలుపు కింద నుంచి గదిలోకి జారింది. పిల్లలు లేస్తారని గదిలో దీపం వెయ్యకుండా బాత్రూంలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని చదివాను. 914 డాలర్ల 60 సెంట్లు. ఆ నెల మా ఇంటి అద్దె కంటే ఎక్కువ. రెండోసారి చదివాను, మూడోసారి కూడా చదివాను, అంకె మారలేదు.

అందులో 300 డాలర్లు టిప్పులు. టిప్పు అంటే మనకు తోచినప్పుడు తోచినంత ఇచ్చేదని నేను అనుకున్నాను. ఓడలో అలా కాదు, మనిషికి రోజుకు ఇంత అని దానంతట అదే ఓడలో మన పేరిట ఉండే ఖర్చుల ఖాతాలో పడుతుంది, పిల్లలకు కూడా. ఇప్పుడు మామూలు గదులకు రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా వేస్తున్నారు కనుక మీ ఐదుగురికీ ఐదు రోజులకు 400 నుంచి 500 డాలర్లు అవుతుంది. అంటే మీరు ఒక టికెట్ అదనంగా కొన్నట్టే. దాన్ని టికెట్‌తో పాటు ముందే కట్టేయండి. కొందరు మనవాళ్లు కౌంటర్ దగ్గరకు వెళ్లి వాటిని తీయించేస్తారు, అది నాకు ఎంతమాత్రం నచ్చదు. రోజూ మన గది సర్దే మనిషి ఇంటికి పంపే డబ్బు అది. వారిలో మన దేశం నుంచి వచ్చినవారు కూడా చాలామంది ఉంటారు.

మామగారు గదిలోని ఫోను నుంచి రాజమండ్రికి చేసి పదకొండు నిమిషాలు మాట్లాడారు. అది ఉపగ్రహం ద్వారా వెళ్లే ఫోను, అందుకే బిల్లు గట్టిగా పడింది. ఇప్పుడు ఆ ప్రమాదం చేతిలోని ఫోనుకే వచ్చింది. ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టకపోతే ఫోను ఓడలోని నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది, ఆ రోమింగ్ బిల్లు తరువాతి నెల ఇంటికి వస్తుంది. అందరి ఫోన్లనూ మీరే తీసుకుని మార్చండి, నాన్నగారికి చెప్పి ఊరుకోవద్దు. వైఫై కావాలంటే ఒక్క ఫోనుకు కొని వంతులవారీగా వాడుకోండి.

అత్తగారికి రెండో రాత్రి వాంతులు మొదలయ్యాయి. మా గదులు ఓడ ముందుభాగంలో, పై అంతస్తులో ఉన్నాయి, ఊపు ఎక్కువగా తెలిసేది అక్కడే. ధర ఎక్కడ తక్కువో చూశాను తప్ప గది ఎక్కడుందో చూడలేదు. ఓడలోని వైద్యుడు ఇంజెక్షన్ ఇచ్చి పంపినందుకు 168 డాలర్లు పడ్డాయి. అక్కడి వైద్యానికి మన ఆఫీసు ఇన్సూరెన్సు చాలాసార్లు పనికిరాదు, విజిటర్‌గా వచ్చిన పెద్దవారికి అది అసలు వర్తించదు. కనుక వారికి క్రూయిజ్‌కు వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి, గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో అడగండి. కిటికీ లేని లోపలి గది చాలు. పడుకోవడానికి తప్ప అందులో ఎవరూ ఉండరు. వాంతుల మాత్రలు బయలుదేరక ముందే వైద్యుణ్ణి అడిగి దగ్గర పెట్టుకోండి.

ఇంకో తప్పు చెప్పాలి, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది అదే. ఓడ ఎక్కేటప్పుడు ఖాతాకు కార్డు ఇమ్మంటే డెబిట్ కార్డు ఇచ్చాను. అప్పు చెయ్యకూడదని మా నాన్నగారు నేర్పిన పద్ధతి. కానీ వారు ప్రతిరోజూ కొంత సొమ్మును బ్యాంకులో ఆపి ఉంచుతారు. ఓడ దిగి అసలు బిల్లు కట్టిన తరువాత కూడా ఆ పట్టు కొన్ని రోజుల దాకా వదలదు. ఆ మధ్యలో ఇంటి అద్దె చెక్కు వెనక్కి వచ్చింది, దానికి బ్యాంకు జరిమానా, ఇంటి యజమాని జరిమానా. ఖర్చు తడిసి మోపెడైంది. మీరు క్రెడిట్ కార్డే ఇవ్వండి, ప్రతి రాత్రీ ఖాతా చూసుకోండి. ఫొటోలు, సోడాలు, ఆటల గది, అన్నీ ఓడలో ఇచ్చే ఒక్క గది కార్డు మీదే నడుస్తాయి కాబట్టి డబ్బు పోతున్నట్టు చేతికి తెలియదు.

తిండి గురించి బెంగ వద్దు. కార్నివాల్ కంపెనీ ఓడల్లో రాత్రి భోజనంలో భారతీయ శాకాహార వంటకం ఒకటి ఉంటుంది. మొదటి రాత్రే వడ్డించేవారితో చెబితే మిగతా రోజులకు ఏర్పాటు చేస్తారు. మేము తెలియక పెట్టెలో రైస్ కుక్కర్ పెట్టుకెళ్లాం. తనిఖీలో పెట్టెను ఆపేశారు, రాత్రి తొమ్మిది దాటాక మేమే వెళ్లి విడిపించుకోవాల్సి వచ్చింది. కుక్కరు చివరి రోజు ఇచ్చారు. అత్తగారి బీపీ మాత్రలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. మందులు, పాప బట్టలు, కాగితాలు చేతిసంచిలో ఉంచుకోండి. ఇంటి వంట తేనివ్వరు. సీలు విప్పని పచ్చడి ప్యాకెట్టుకు మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు.

దారిలో ఓడ ఆగే మెక్సికో దీవి కొజుమెల్‌లో ఓడ కంపెనీ అమ్మే విహారాలకు ఐదుగురికి కలిపితే చాలా ఖర్చవుతుంది. ధర ముందే మాట్లాడుకుని టాక్సీలో బీచికి వెళ్లి రావచ్చు. కాకపోతే సొంతంగా వెళ్లినవారి కోసం ఓడ ఆగదు. శీతాకాలంలో అక్కడి గడియారం టెక్సాస్ కంటే ఒక గంట ముందుంటుంది, ఫోను తనంతట తానే మారిపోతుంది. ఓడ సమయం పెట్టిన చేతిగడియారం ఒకటి కట్టుకుని, చెప్పిన వేళకు గంటన్నర ముందే తిరిగి రండి.

పాస్‌పోర్టు, వీసా ముద్ర, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే ప్రవేశ పత్రం), ఐ-797 (వీసా హోదా మంజూరు పత్రం) సంగతులు క్రూయిజ్ కంపెనీ వద్ద, మెక్సికో కాన్సులేట్ వద్ద సరిచూసుకోండి. మీ వీసా ముద్ర గడువు తీరి ఉంటే డబ్బు కట్టకముందే మీ ఆఫీసు లాయరును అడగండి.

మీ వయసువారు ఫోనులో నాలుగు వీడియోలు చూసి బుక్ చేసేస్తారు. మాకు అడిగేందుకు మనిషే లేడు, అయినా నేర్చుకుని ఇప్పటికి ఏడుసార్లు వెళ్లాం. పోయినసారి పన్నెండుమందిమి వెళ్తే చివరి బిల్లు 38 డాలర్లు వచ్చింది. కనుక మీ టికెట్ల 2,000కు మరో 1,200 డాలర్లు పక్కన పెట్టగలిగితేనే ఈ డిసెంబరులో వెళ్లండి, లేకపోతే వచ్చే ఏడు చూసుకోవచ్చు. వెళ్తే ముందు రోజే గాల్వెస్టన్‌కు దగ్గరున్న హ్యూస్టన్ చేరుకోండి, పార్కింగ్ ముందే కొనుక్కోండి. శీతాకాలంలో పొగమంచు పడితే ఓడ రేవులోకి రావడం ఆలస్యమవుతుంది కాబట్టి తిరిగొచ్చే రోజున ఆఫీసు పని ఏదీ పెట్టుకోకండి.