ఆదివారం గదిలో ఉండకు, టావిస్టాక్ స్క్వేర్‌కు పో

ప్రశ్న: అన్నా, మాది మహబూబ్‌నగర్. చదువుకు లండన్ వచ్చాను. ఆదివారాలు ఖాళీయే. బ్లూమ్స్‌బరీలోని పాత తోటలు చూద్దామనుకుంటున్నా. లోపలికి రానిస్తారా? టికెట్ ఎంత?

జవాబు: తమ్ముడూ, రసెల్ స్క్వేర్, టావిస్టాక్ స్క్వేర్ అందరివీ. టికెట్ లేదు. వేళలు ఆన్‌లైన్‌లో చూసుకో. నాకు నీ ప్రశ్నలో కనిపించింది ఆ 'ఖాళీ' అన్న మాటే.

మాది నల్లగొండ. వచ్చిన కొత్తలో నేను ముందు బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌కు పోయాను. ఇనుప కమ్మీల చుట్టూ తిరిగితే ఏ గేటు చూసినా తాళమే. అది చుట్టుపక్కల భవనాలవాళ్ల తోట, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. అది తెలియక, లండన్ తోటలన్నీ ఇంతే, మనలాంటివాళ్లకు కావు అనుకుని తిరిగొచ్చేశా. ఆ చలికాలమంతా ఆదివారమొస్తే గదిలోనే. పౌండును రూపాయల్లోకి లెక్కేసుకోవడం, అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నా అనడం. నల్లగొండలో గడప దాటితే నలుగురు పలకరిస్తారు. ఇక్కడ శుక్రవారం సాయంత్రం మూసిన నోరు సోమవారం దాకా తెరవని వారాలున్నాయి. ఇప్పుడు ఇల్లు కొనుక్కుని, పిల్లలను ఇక్కడే చదివించుకుంటున్నాను గానీ, ఆ చలికాలం మాత్రం ఇంకెవరికీ రావద్దు.

చివరికి యూస్టన్ స్టేషన్‌కు అడ్డదారిన పోతుంటే టావిస్టాక్ స్క్వేర్‌లో గాంధీజీ కనిపించారు. 1968లో పెట్టిన కంచు విగ్రహం, సక్లంముక్లం పెట్టుకుని కూర్చుని ఉంటారు. కింద పీఠంలో పూలు పెట్టడానికే ఒక గూడు వదిలారు. ఆ రోజు అందులో వాడిన బంతిపూల దండ, వత్తి కాలిపోయిన ప్రమిద ఉన్నాయి. మనవాళ్లెవరో వచ్చిపోయారని ఎంత ధైర్యమొచ్చిందో! 1888లో ఆయనా నీలాగే చదువుకు వచ్చినవారే. రాత్రుళ్లు ఇంటి మీద బెంగతో ఏడ్చేవాణ్నని ఆయనే రాసుకున్నారు. మీ తరం వాట్సాప్ గ్రూపు ఉంటే చాలనుకుంటుంది. చాలదు తమ్ముడూ, ఎదురుగా మనిషి కావాలి. అక్టోబర్ 2న అక్కడ జయంతి జరుపుతారు, తప్పకుండా పో.

అదే తోటలో హిరోషిమా మృతుల కోసం 1967లో నాటిన చెర్రీ చెట్టు ఉంది. పక్కనే గోర్డన్ స్క్వేర్‌లో ఠాగూర్ విగ్రహం. రసెల్ స్క్వేర్ వీటికంటే పెద్దది, 1800ల మొదట్లో హంఫ్రీ రెప్టన్ అనే తోటల రూపశిల్పి రూపమిచ్చిన తోట. మీ పిల్లలమర్రి చూసిన కళ్లకు అక్కడి 'ప్లేన్' అనే జాతి చెట్లు ఆనవేమో గానీ, నీడన బెంచీలున్నాయి.

ఒక్కడివే పోకు. నీ గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నవాణ్ని కూడా లేపు. ఇద్దరికీ సద్ది కట్టు. చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది, పదకొండుకల్లా బయల్దేరండి.