పిల్లల మానసిక గాయాలపై పనిచేసే కౌన్సెలింగ్ ప్రొఫెసర్ కావాలంటే ఎంబీబీఎస్ చదవాలా?

అవసరం లేదు, సైకాలజీలో కనీసం 55 శాతం మార్కులతో పీజీ చేసి, అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ గానీ పీహెచ్‌డీ గానీ సాధిస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చు. శ్రీకాకుళం విద్యార్థులకు దగ్గర్లో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ ఉంది.

ఎంబీబీఎస్, ఆపై ఎండీ కావలసింది మందులు రాసే సైకియాట్రిస్టుకు. ప్రొఫెసర్ పని వేరు: భయం పిల్లల్లో ఎలా పాతుకుపోతుందో పరిశోధించడం, కౌన్సెలర్లకు శిక్షణ ఇవ్వడం. శిక్షణే అన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం. ఒక్కరు స్వయంగా చూడగలిగే పిల్లలు కొద్దిమందే కదా.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆ రాత్రిని చూసిన పిల్లవాడు నెలల తర్వాత కూడా గాలికి పైకప్పు రేకులు కొట్టుకుంటే చాలు, రాస్తున్న పెన్ను వదిలేసి గుమ్మం వైపు చూస్తాడనుకోండి. టీచరుకు అది అశ్రద్ధగా కనిపిస్తుంది. అది భయమని పోల్చుకోవడం, జరిగింది చెప్పమని బలవంతపెట్టకుండా ముందు నిద్ర, బడి, ఆటలు గాడిలో పడేలా చూడటం ఆ టీచరుకు నేర్పేది ఇలాంటి ప్రొఫెసరే.

పేరు ముందు ‘డాక్టర్’ చూసి వైద్యం చేస్తారనుకోవడం చాలామంది పొరపాటు. అది పీహెచ్‌డీతో వచ్చినది. మందులు లేకుండా మానసిక చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలన్నా భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో విడిగా నమోదు కావాలి. పిల్లలకు తక్షణ సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.