బ్రాంకూసి స్ఫూర్తితో స్టూలు చేసే ముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నీ సొంత ఫర్నిచర్ పనిలో మొదట చేసే వస్తువులన్నీ శిల్పి బ్రాంకూసి స్ఫూర్తితో చేస్తానని రాశావు. చాలా సంతోషమైంది. చెక్కతోనే బతికినవాణ్ని కాబట్టి నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆయన స్టూడియో ఫోటోలు చూడు, శిల్పాల సంగతి తర్వాత. ఈరోజుల్లో మినిమలిజం అంటే తెల్ల గోడలు, ఖాళీ గది, మూలన ఒక వస్తువు అనుకుంటున్నారు. పారిస్‌లో ఆయన స్టూడియో అలా ఉండేది కాదు. రాళ్ళు, దూలాలు, పనిముట్లు, సగం చెక్కిన దిమ్మెలతో కిక్కిరిసి ఉండేది. కూర్చునే స్టూళ్ళు, బల్ల, చలిమంట గూడు కూడా తనే చేసుకున్నాడు. రుమేనియాలో హోబిత్సా అనే పల్లెలో 1876లో పుట్టి, క్రయోవాలో చేతిపనుల బడిలో చెక్కపని నేర్చినవాడు మరి. ఆయన తగ్గించిందల్లా ఒక్కో వస్తువు ఆకారంలోనే. అందుకే నీ దగ్గరికొచ్చే కుటుంబాన్ని సామాను పారేయమని అడగకు. పరుపులు, పెద్ద గిన్నెలు, దేవుడి సామాను ఎక్కడ పెట్టాలో ముందు తేల్చు. చోటు కుదిరితే పైకి కనిపించే నాలుగు వస్తువులు వాటంతటవే ప్రశాంతంగా కనిపిస్తాయి.

ఇక స్టూలు. నువ్వు పంపిన బొమ్మలో, ఒకే రకం దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆయన శిల్పం 'అంతులేని స్తంభం'లోని ఒక దిమ్మెను తీసి పొట్టిగా చేశావు. ఇప్పుడు చాలామంది చేస్తున్నదే. కానీ లెక్క వేసి చూడు. 1938లో రుమేనియాలోని తిర్గు జియు ఊళ్ళో నిలబెట్టిన ఆ స్తంభం ఎత్తు సుమారు 29 మీటర్లు. పోత ఇనుముతో చేసిన ఒక్కో దిమ్మె 180 సెంటీమీటర్ల ఎత్తు, నడుమ 90 వెడల్పు, కొసల్లో 45. అంటే కొస ఒకటైతే నడుమ రెండు, ఎత్తు నాలుగు. అదే లెక్కన 45 సెంటీమీటర్ల స్టూలు చేస్తే నడుమ ఇరవై రెండున్నర, కొసన పదకొండు చిల్లర వస్తుంది. దాని మీద ఎవరు కూర్చుంటారు? నడుమ దగ్గర కోసి, సగాలను తిరగేసి వెడల్పు వైపు పైకి పెట్టినా సీటు చాలదు, మనిషి పక్కకు ఒరిగితే స్టూలూ ఒరుగుతుంది. సీటుకి కనీసం 30, 35 కావాలి. అంత పెంచగానే ఆ లెక్క చెదిరిపోతుంది, ఆకారం బండగా తయారవుతుంది. కాబట్టి లెక్కను అరువు తెచ్చుకోకు. మనిషి కూర్చునే తీరు నుంచి నీ లెక్క నువ్వే కట్టుకో. తిర్గు జియులోనే 'మౌన బల్ల' చుట్టూ ఆయన పెట్టిన పన్నెండు రాతి పీటలు చూడు. రెండు అర్ధగోళాలు వీపు వీపు ఆనించినట్టు ఉంటాయి. పైన ఎంత వెడల్పో కిందా అంతే, నడుమ సన్నం. కూర్చోవడానికి చేసినప్పుడు ఆయనే స్తంభం లెక్క పక్కన పెట్టాడు.

చెక్క విషయంలో తొందర పడకు. మొద్దును నడిమి బెండుతో సహా కోసి దిమ్మెగా చేస్తే ఆరేకొద్దీ పగులుతుంది, ఏసీ గదిలో ఇంకా త్వరగా. ఆయన ఓక్ పనులకు పాత దూలాలు వాడుకున్నాడు. నువ్వూ పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే టేకు స్తంభాలు, వాసాలు అమ్మే చోట్లకి వెళ్ళు. ఏళ్ళ తరబడి ఆరిన చేవ దొరుకుతుంది. మేకులున్నాయేమో చూసి రంపం పెట్టించు. లాప్‌టాప్‌లో రెండర్ చేసే (నిజం వస్తువులా కనిపించే బొమ్మ తయారుచేసే) ముందు థర్మకోల్‌తోనో అట్టతోనో నిజం సైజులో చేసి గదిలో పెట్టు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోటో తీయి. బ్రాంకూసి కూడా మారే వెలుతురులో తన పనుల్ని తనే ఫోటోలు తీసుకునేవాడు. ఒక శిల్పం అమ్ముడైపోతే దాని చోట ప్లాస్టర్ నమూనా పెట్టేవాడు, మిగతా వాటి మధ్య కుదిరిన ఎడం పాడవకూడదని. ఇంటీరియర్ చేసేవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన వాటిల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఇందోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ మూడు పక్షి శిల్పాలు కొని, వాటికోసం ఒక ధ్యానమందిరం కట్టించాలనుకున్నాడు. అందుకోసం బ్రాంకూసి ఇందోర్ దాకా వచ్చాడు. అది కట్టలేదు, నాకిప్పటికీ బాధే.

నున్నదనం ఎక్కడ, గరుకు ఎక్కడ అన్నది కూడా గమనించు. అద్దంలా మెరిసే కంచు కింద ఆయన గరుకు చెక్క, రాయి పెట్టేవాడు. అందుకే మెరుపు కనిపిస్తుంది. గదంతా గ్లాసీ లామినేట్ వేస్తే ఏదీ కనిపించదు.

తర్వాత పేరున్న శిల్పి, డిజైనర్ అయిన ఇసాము నొగుచి 1927లో కొన్ని నెలలు ఆయన దగ్గర సహాయకుడిగా చేశాడు. తర్వాత నొగుచి చేసిన కాఫీ టేబుల్, 1947లో హెర్మన్ మిల్లర్ అనే అమెరికా ఫర్నిచర్ కంపెనీ అమ్మకానికి పెట్టినది, నువ్వు చూసే ఉంటావు. ఒకే ఆకారం ఉన్న రెండు చెక్క ముక్కలు, ఒకటి తిరగేసి రెండోదానికి ఆనించి, పైన మందపాటి గాజు. అందులో గురువు ఆకారం ఒక్కటీ లేదు. ఉలి పట్టడం, సరుకును గౌరవించడం నేర్చుకుని తన పని తాను చేశాడు. నువ్వూ ఆ దారిలో వెళ్ళాలని నా కోరిక.

డబ్బు మాట. సాదా పనికి ఖర్చెక్కువ. బీడింగ్ (అతుకు మీద కొట్టే సన్నని చెక్క పట్టీ) ఉంటే అతుకులో సందు దాక్కుంటుంది. లేకపోతే అర మిల్లీమీటరు తేడా కూడా కంటికి గుచ్చుకుంటుంది. వడ్రంగి చిత్రిక పట్టి, ఆనించి చూసి, మళ్ళీ పట్టాలి. స్క్వేర్ ఫీట్ లెక్కన మాట్లాడితే అతనికి నష్టం, నీకు టెన్షన్. ఇలాంటి పనికి రోజుకూలీ మాట్లాడుకో. 'ఇందులో పనేముంది?' అని క్లయింటు అడిగితే చిన్నబుచ్చుకోకు. 1926లో అమెరికా కస్టమ్స్ వాళ్ళు బ్రాంకూసి పక్షినే లోహపు సామాను కింద లెక్కగట్టి 40 శాతం సుంకం వేశారు. 1928లో కోర్టు అది శిల్పమేనని తేల్చింది. నీ క్లయింటును వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, ఆ అతుకు మీద వేలు పెట్టి చూడమను. కొటేషన్ ఆ తర్వాత ఇవ్వు.

ప్రేమతో,
మావయ్య