మన సంఘ చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి పెదనాన్న శుభములు.

వార్షికోత్సవ సంచికకు మన బాప్టిస్టు సంఘ చరిత్రను, పాస్టర్ల వివరాలను రాసే పని కమిటీవారు నీకు అప్పగించారని విని సంతోషించాను. ముప్పై ఏళ్ల కిందట నేను సంఘ సెక్రటరీగా ఉన్నప్పుడు ఇదే పని చేసి, రాసిన ఎనిమిది పేజీల్లోనే చెప్పుకోదగ్గ తప్పులు చేశాను గనుక, అవి నీ చేతి మీదుగా మళ్లీ అచ్చుకాకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా, సంఘం ఏ సంవత్సరంలో పుట్టిందన్న సంగతి దగ్గర తొందరపడవద్దు. గుడి గోడలోని శిలాఫలకం మీద ఉన్న సంవత్సరమే సంఘం పుట్టిన సంవత్సరమని నేను రాసేశాను. అది రాతికట్టడానికి పునాది వేసిన సంవత్సరం మాత్రమే. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడింది. ఆ తరువాత చుట్టుపట్ల పల్లెల్లో బాప్తిస్మం పొందినవారి పేర్లన్నీ చాలాకాలం ఆ ఒక్క సంఘపు రిజిస్టరులోనే ఎక్కాయి. అందుకే 1878 ముగిసేనాటికి అందులో పన్నెండు వేలమందికి పైగా ఉన్నారు. కాబట్టి మన పాలెంలో మొదటి బాప్తిస్మం జరిగిన సంవత్సరం, మనది వేరే సంఘంగా ఏర్పడిన సంవత్సరం, తాటాకు పాకలో ఆరాధన మొదలైన సంవత్సరం, ఈ గుడి కట్టిన సంవత్సరం నాలుగూ వేరువేరు. నాలుగూ దొరికితే నాలుగూ రాయి, దొరకనిదాన్ని ఊహతో పూరించవద్దు.

ఇక 1878 జూలై 3. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆ ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారన్నది నిజం. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారన్నదీ నిజం. అయితే మన ప్రాంతంలో ఏ పాలెంలో అడిగినా మా ముత్తాత ఆ రోజునే మునిగాడని చెబుతారు, అందరి మాటా పట్టుకుంటే గుండ్లకమ్మ చాలదు. ఆ సంవత్సరంలో మొత్తం తొమ్మిది వేలమందికి పైగా బాప్తిస్మం పొందారు గనుక, పెద్దవాళ్లు చెప్పేది అబద్ధం కాకపోయినా తేదీ వేరై ఉండవచ్చు. రిజిస్టరులో చూసిన తరువాతే ఆ తేదీ వెయ్యి.

దాని వెనుక ఉన్న 1876-78 నాటి ధాత కరువును దాటవేయకు. కూటి కోసమే క్రైస్తవంలో కలిశారన్న దెప్పిపొడుపు మన తాతలనాటినుంచి వింటున్నదే, దానికి జవాబు కోపంతో కాక వివరాలతో ఇవ్వాలి. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంతభాగం తవ్వకం కంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని కల్పించాడు. ఆ పని, సహాయం సాగినన్నాళ్లూ, ఎంతమంది అడిగినా, ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అదే సమయంలో, ఆ కాలువ గట్టు మీద బోధకులే మేస్త్రీలుగా జనం మధ్య మెలగడం వల్ల ఎంతోమంది మొదటిసారి వారి మాట విన్నారన్నదీ రాయాలి. ఆకలికీ విశ్వాసానికీ సంబంధమే లేదని రాయడం నాకు నిజాయితీగా తోచదు.

పై కులాలవారు మాదిగలను చేర్చుకోవద్దన్నప్పుడు దొర, దొరసాని వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందన్న కథ ప్రతి సంచికలోనూ ఉంటుంది, ఉండనీ. కానీ మన పాత సంచికల్లో ఆ గుమ్మం ముందు నిలబడ్డవారి కులం పేరు మాత్రం ఉండదు, ‘పేదవారు’ అని సరిపెట్టేస్తారు. నేనూ అలాగే రాశాను. నువ్వు మాదిగలనే రాయి. తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి చెప్పకపోతే, దొరలు ఎన్ని రిపోర్టులు పంపినా వాటిలో రాయడానికి ఏమీ ఉండేది కాదు.

పాస్టర్ల సంగతి. వెస్ట్రీలోని, అంటే గుడిని ఆనుకుని ఉన్న పాస్టరుగారి గదిలోని ఫోటోలను వరసగా దించి తేదీలు వేస్తే అది జాబితా అవుతుంది, పైగా కెమెరా రాకముందు పనిచేసినవారు అందులో ఉండరు. రాత్రిబడి నడిపిన ఉపదేశకులను, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలను మరచిపోవద్దు. మనది బిషపు బదిలీ చేసే సంఘం కాదు, కాపరిని సంఘమే పిలుచుకుంటుంది. కనుక ఎవరిని ఎప్పుడు పిలిచారో, ఎంత జీతం ఒప్పుకున్నారో, ఎంత బాకీ పడ్డారో మినిట్సు పుస్తకంలో ఉంటుంది. కానుకల లెక్కల్లో ‘పిడికెడు బియ్యం’ (వండేముందు ఇంటింటా సంఘం కోసం తీసిపెట్టే బియ్యం) అన్న పద్దు ఎన్ని శేర్లతో మొదలై ఎప్పుడు ఆగిందో చూడు. కాపరి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో దానివల్ల తెలుస్తుంది. మిగిలినది పాస్టరమ్మగార్లు చెబుతారు. వారిని అందరి ఎదుట కాక, ఒంటరిగా కూర్చుని అడుగు.

తగాదాపడి వెళ్లిపోయిన ఒక కాపరి గురించి నేను ‘అనారోగ్య కారణాల వలన’ అని రాశాను. ఆయన భార్య ఆ సంచికను పోస్టులో తిప్పి పంపింది, లోపల ఒక్క ముక్క ఉత్తరం కూడా లేదు. తీర్మానంలో ఉన్నది ఉన్నట్టు రాయి, అది గాయపరిచేదైతే తేదీతో ఆపేయి. మర్యాద కోసం అబద్ధం మాత్రం రాయవద్దు.

కాగితాలు వెతికేటప్పుడు ఒక చిక్కుంది. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలోను, తరువాత 1970 వరకు గుంటూరు జిల్లాలోను ఉండేది గనుక, పాత భూమి దస్త్రాలను ఆ లెక్కన వెతకాలి. మిషను వార్షిక నివేదికల్లో మన ఊళ్ల పేర్లు ఇంగ్లీషు చెవికి వినబడినట్టు ఉంటాయి. రామాపట్నం ‘రామాపటం’ అయింది. మన పాలెం పేరును నాలుగైదు రకాలుగా రాసి చూసుకుని, బిగ్గరగా చదువుతూ వెతుకు.

నా దగ్గరున్న రెండు మినిట్సు పుస్తకాలకు అంచులు చెద తిన్నాయి, పోస్టులో పంపను. ఎండలు ముదరకముందే వచ్చి, ఇక్కడే కూర్చుని ఫోన్లో ఫోటోలు తీసుకో. పాత పాస్టరమ్మగారికి నీ సంగతి చెప్పి ఉంచాను. ఆమెకు మధ్యాహ్నం నిద్ర అలవాటు, ఉదయమే వెళ్దాం.

మీ పెదనాన్న