తాడిపత్రి నెట్ సెంటర్ నుంచి ఒక ప్రశ్న: అప్‌డేట్‌లు చూసుకోవడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది తాడిపత్రి. అనంతపురంలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెలవు రోజుల్లో మా మామ నెట్ సెంటర్‌లో కూర్చుంటాను. అక్కడ నాలుగు సిస్టమ్‌లు ఉన్నాయి. అప్‌డేట్ పెడితే స్లో అవుతుంది, ప్రింటర్ పనిచేయదు అని హార్డ్‌వేర్ చూసే అన్న అన్నింట్లోనూ అప్‌డేట్‌లు ఆపేశాడు. నేను ఆన్ చేస్తే మామ కోప్పడ్డాడు. నాకు సెక్యూరిటీ పని అంటే ఇష్టం. బెంగళూరులో ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ (యజమాని అనుమతితో సిస్టమ్‌లలో లోపాలు వెతికే పని) కోర్సుకు 75 వేలు అడుగుతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అప్పు చేసైనా కడతానని నాన్న అంటున్నాడు. చేరమంటారా? – ఒక విద్యార్థిని

సమాధానం: ఆ 75 వేలు ఇప్పుడే కట్టొద్దని మీ నాన్నతో చెప్పమ్మా. కోర్సు సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు మీ షాపు సంగతి. బెంగళూరు వెళ్లి నేర్చుకుందామనుకుంటున్న దాంట్లో మొదటి భాగం మీ మామ షాపులోనే నేర్చుకోవచ్చు.

హార్డ్‌వేర్ అన్నను తీసిపారేయకు. ప్రింటర్ గురించి ఆయన చెప్పింది అబద్ధం కాదు. 2021లో విండోస్ ప్రింటింగ్ సర్వీసులో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే లోపం బయటపడింది. దాన్ని పూడ్చే అప్‌డేట్‌లు పెట్టాక చాలా ఆఫీసుల్లో నెట్‌వర్క్ ప్రింటర్లు మొరాయించాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కాబట్టి ఆ అన్న భయానికి కారణం ఉంది. భయపడి మొత్తానికే ఆపేయడం దగ్గరే చిక్కు.

ఆపేస్తే ఏమవుతుందో వాన్నాక్రై చూపించింది. ఫైళ్లకు తాళం వేసి, తెరవాలంటే డబ్బు కట్టమనే వైరస్ అది. విండోస్‌లో ఫైళ్లు షేర్ చేసుకునే భాగంలో ఉన్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ (లోపాన్ని పూడ్చే అప్‌డేట్) ఇచ్చింది. వాన్నాక్రై విరుచుకుపడింది మే 12న. అంటే దాదాపు రెండు నెలల వ్యవధి. ఆలోగా ప్యాచ్ వేసుకున్న సిస్టమ్‌ల జోలికి ఆ లోపం గుండా అది రాలేకపోయింది. వేసుకోనివి దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా దొరికిపోయాయి. వాటిలో బ్రిటన్ ఆసుపత్రులవి ఉన్నాయి, మన రాష్ట్ర పోలీసు శాఖవీ కొన్ని ఉన్నాయి. అది పాకడానికి ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒక దాంట్లో పడితే పక్క సిస్టమ్‌లోకి తనే వెళ్లింది. మీ షాపులో నాలుగూ ఒకే రూటర్ మీద నడుస్తుంటాయి కదా, ఆ సంగతి మామకు చెప్పు.

చాలామందికి తట్టని విషయం ఇంకొకటుంది. ప్యాచ్ విడుదలయ్యాక, దాన్ని వేసుకోని సిస్టమ్‌కు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే పని తెలిసిన దాడిగాళ్లకు లోపం ఎక్కడుందో అర్థమైపోతుంది. ‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా’ అనే మాట అందుకే చెల్లదు.

మరి ప్రింటర్ ఆగకుండా, అప్‌డేట్ మానకుండా ఎలా? కంపెనీలు చేసే పద్ధతే చిన్నగా చేయి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్‌లు విడుదల చేస్తుంది. మనకు అప్పటికి రాత్రి అవుతుంది కాబట్టి బుధవారం పొద్దున షాపు తెరిచేసరికి వచ్చి ఉంటాయి. ముందు ఒక్క సిస్టమ్‌లోనే పెట్టు, అది కూడా బేరం ఎక్కువ జరగని మూల సిస్టమ్‌లో. కరెంటు పోతే మధ్యలో ఆగిపోకుండా యూపీఎస్ మీద ఉండాలి. రీస్టార్ట్ అయ్యాక ఒక ప్రింట్ తీయి, స్కానర్ చూడు, వేలిముద్ర మెషీన్ చూడు, రెండు మూడు ప్రభుత్వ సైట్లు తెరిచి చూడు. రెండు మూడు రోజులు సాఫీగా నడిస్తే మిగతా మూడింట్లో పెట్టు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ లాంటి రద్దీ రోజులైతే సెట్టింగ్స్‌లో కొన్నాళ్లు ‘పాజ్’ పెట్టుకోవచ్చు. పాజ్‌కు గడువు ఉంటుంది. మీ అన్న చేసినట్టు సర్వీసునే ఆపేస్తే మళ్లీ ఆన్ చేయాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు.

నెట్ డేటా అయిపోతుందని మామ అంటే, సెట్టింగ్స్‌లో ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ చూడు. లోకల్ నెట్‌వర్క్‌కు మాత్రమే అని పెడితే ఒక సిస్టమ్ దించుకున్నదాన్ని మిగతావి దాని దగ్గరే తీసుకుంటాయి.

సిస్టమ్‌లలో ఏ విండోస్ ఉందో నువ్వు రాయలేదు. విండోస్ 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్‌ల పథకం ఒకటి ఉంది, దానికి విడిగా నమోదు కావాలి. ఇంట్లో వాడే సిస్టమ్‌లకు ఒక రకం, వ్యాపారానికి వాడేవాటికి డబ్బు కట్టే మరో రకం. విండోస్ 11కు పోదామంటే సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, పాత ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. ఒప్పుకోని సిస్టమ్‌ను పారేయనక్కర్లేదు, బ్రౌజర్ పని మాత్రమే చేసేదైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ రకం ఉబుంటు ఎల్‌టీఎస్ వేసి చూడు. ప్రింటర్, వేలిముద్ర మెషీన్ డ్రైవర్లు దొరుకుతాయో లేదో ముందే చూసుకో. వేలిముద్ర మెషీన్‌కైతే దొరక్కపోవచ్చు.

విండోస్ కొనకుండా యాక్టివేషన్‌కు క్రాక్ (దొంగ సాఫ్ట్‌వేర్) వేసి ఉంటే మాత్రం నేను గట్టిగానే చెబుతాను. ఆ క్రాక్ ఎక్కించేటప్పుడు ‘యాంటీవైరస్ ఆపండి’ అని అడుగుతుంది, మనవాళ్లు ఆపేస్తారు. ఆ క్షణంలో ఇంకేం ఎక్కిందో ఎవరికి తెలుసు? మీ షాపు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడు. ఎవరెవరివో ఆధార్ స్కాన్‌లు, మార్కుల మెమోలు, బ్యాంకు పాసుబుక్ ఫొటోలు ఉంటాయి. అవి ఊళ్లో వాళ్లు మీ మామను నమ్మి ఇచ్చినవి. సాయంత్రం షాపు మూసేముందు వాటిని తీసేయడం ఈరోజు నుంచే మొదలుపెట్టు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

విండోస్ ఒక్కటే అప్‌డేట్ చేస్తే సరిపోదు. క్రోమ్ తనంతట తనే అప్‌డేట్ దించుకుంటుంది కానీ రోజుల తరబడి మూయకుండా వాడితే అది అమల్లోకి రాదు. జిప్ ఫైళ్లు విప్పే విన్‌రార్ అయితే తనంతట అప్‌డేట్ కానే కాదు. 2023లో దాంట్లో బయటపడ్డ పెద్ద లోపాన్ని 6.23 వెర్షన్‌లో సరిచేశారు. మీ షాపులో ఏ వెర్షన్ ఉందో తెరిచి చూడు, అంతకన్నా పాతదైతే నేనేమీ ఆశ్చర్యపోను.

ఇదంతా చేస్తూ ఒక నోట్‌బుక్ పెట్టు. తేదీ, సిస్టమ్ నంబరు, అప్‌డేట్ కేబీ నంబరు (ప్రతి అప్‌డేట్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే నంబరు), పెట్టాక ఏం చూశావు, ఏం చెడింది, ఎలా సరిచేశావు. ‘బుధవారం. మూడో సిస్టమ్. ప్రింట్ వచ్చింది, స్కానర్ రాలేదు. డ్రైవర్ మళ్లీ వేశాను, వచ్చింది.’ ఇలా రాస్తే చాలు, ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు. కంపెనీల్లో దీన్నే ప్యాచ్ మేనేజ్‌మెంట్ అంటారు. వేల సిస్టమ్‌లకు మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ లాంటి టూల్స్ వాడతారు, నువ్వు నాలుగింటికి చేత్తో చేస్తున్నావు. ముందు పరీక్షించడం, కొన్నింట్లో పెట్టి చూడటం, తర్వాత అన్నింట్లో పెట్టడం, చెడితే వెనక్కి తీసుకోవడం, ఈ వరస అక్కడా ఇంతే. డెస్క్‌టాప్ సపోర్ట్ (కంపెనీ ఉద్యోగుల సిస్టమ్‌లు చూసుకునే పని) ఇంటర్వ్యూలో ‘అప్‌డేట్ పెట్టాక సిస్టమ్ బూట్ కాకపోతే ఏం చేస్తావు?’ అని అడిగితే, బట్టీ పట్టినవాళ్ల జవాబుకూ ఈ నోట్‌బుక్ రాసిన నీ జవాబుకూ తేడా అడిగేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

దారి ఇలా ఉంటుంది. మొదటి ఉద్యోగం డెస్క్‌టాప్ సపోర్ట్‌గానో సర్వీస్ డెస్క్‌లోనో వస్తుంది. జీతం నువ్వు ఊహించుకున్నంత ఉండదు, పని షిఫ్టుల్లో ఉంటుంది. అక్కణ్నుంచి సిస్టమ్ అడ్మిన్, లేదా లోపాలు వెతికి ప్యాచ్ చేయించే వల్నరబిలిటీ మేనేజ్‌మెంట్ టీమ్, లేదా దాడులు జరుగుతున్నాయేమో కాపలా కాసే ఎస్‌ఓసీ అనలిస్ట్. ఈ పనికి బేరం తగ్గదు. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లోపు తనకు చెప్పాలని, సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లో కంపెనీలకు ఆదేశం ఇచ్చింది. ఏ సిస్టమ్‌లో ఏ ప్యాచ్ ఉందో లెక్క లేని కంపెనీ 6 గంటల్లో ఏం చెబుతుంది?

చదువు సంగతి. డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసి ఎంసీఏ చేయొచ్చు, ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలన్న నిబంధన నీకు అడ్డం వస్తుందేమో ముందే చూసుకో. ఈలోపు సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో నెట్‌వర్కింగ్ బేసిక్స్, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో విండోస్ అడ్మిన్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఎల్ పాఠాలకూ డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష రాస్తేనే ఫీజు. లైనక్స్ కమాండ్లు షాపులోని ఆ పాత సిస్టమ్ మీదే నేర్చుకో. హ్యాకింగ్ పాఠాలు చూసి కాలేజీ వైఫై మీదో ఎవరి అకౌంట్ మీదో ప్రయోగాలు మాత్రం చేయొద్దు. అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇక ఆ కోర్సు. నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్ రానివాళ్లకు ఎథికల్ హ్యాకింగ్ చెబితే టూల్ పేర్లు వస్తాయి తప్ప పని రాదు. ఆర్నెల్లు నోట్‌బుక్ నడిపాక కూడా చేరాలనిపిస్తే అప్పుడు చూద్దాం, అప్పటికి డిగ్రీ కూడా దగ్గర పడుతుంది. ఉద్యోగం గ్యారంటీ అన్నారు కదా, ఆ మాట కాగితం మీద రాసివ్వమని ఈ వారమే ఫోన్ చేసి అడగమని నాన్నకు చెప్పు. ఏ ఉద్యోగం, ఎంత జీతం, రాకపోతే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారు అన్నవి అందులో ఉండాలి. రాసిస్తే ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు, సంతకం పెట్టకముందే.